రొయ్యల చెరువు దగ్గర రాత్రి డ్యూటీ: నైట్ గార్డ్ హారర్ గేమ్ ఒక్కరే తయారు చేసుకునే పద్ధతి

రాత్రి కాపలా హారర్ గేమ్ సొంతంగా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఎక్కువమంది భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలే. అందరూ మొదట పంపేది దెయ్యం బొమ్మ. అది చివరి పని. దెయ్యం లేకుండానే డ్యూటీ టెన్షన్‌గా ఉండాలి, అలా లేకపోతే ఎంత భయంకరమైన బొమ్మ పెట్టినా రెండోసారి ఎవడూ ఉలిక్కిపడడు.

ఉదాహరణకి మన దగ్గర గట్టుకొకటి కనిపించేదే తీసుకుంటున్నా: రొయ్యల చెరువు మకాం (కాపలావాడి పాక), ఒక్క మనిషి, నాలుగు ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే తెడ్ల యంత్రాలు), ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. గేములు తయారుచేసే గోడాట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ట్యుటోరియల్ పూర్తి చేసి ఉంటే చాలు, మిగతాది ఇక్కడ వరుసగా ఉంది. వరుస మాత్రం మార్చకండి.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- గోడాట్ ఇంజిన్, 4వ వెర్షన్. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. పాత 3వ వెర్షన్ వద్దు, అందులో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి.
- పాత లాప్‌టాప్ అయితే ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడే రెండరర్ దగ్గర "కంపాటబిలిటీ" ఎంచుకోండి.
- ఒక తెలుగు ఫాంట్ ఫైల్. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ఏదైనా సరే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.
- శబ్దాలు కత్తిరించడానికి ఆడాసిటీ.
- రికార్డింగ్‌కి ఫోను, వినడానికి మంచి హెడ్‌ఫోన్లు. స్పీకర్ మీద ఈ గేమ్ చేయలేరు.
- కాగితం, పెన్సిల్. మొదటి రెండు రోజులు వీటితోనే పని.

2. ఒక రాత్రి చెరువు మీద కూర్చుని రికార్డ్ చేయడం

తెలిసిన రైతుని అడిగి, ముందే చెప్పి వెళ్లండి. చెప్పకుండా టార్చి వేసుకుని గట్టు మీద తిరిగితే మిమ్మల్నే దొంగ అనుకుంటారు, ఈ రోజుల్లో మోటార్లు, వైర్లు ఎత్తుకుపోయేవాళ్లతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు. కాళ్లకి బూట్లు వేసుకోండి, గట్ల మీద పాములుంటాయి. స్టార్టర్ బాక్స్ జోలికి తడి చేతులతో వెళ్లొద్దు, అసలు వెళ్లకపోతే ఇంకా మంచిది.

రికార్డ్ చేసుకోవాల్సినవి (ఒక్కోటి కనీసం 2 నిమిషాలు, మాట్లాడకుండా, కదలకుండా):

- ఏరేటర్ తెడ్లు నీళ్లని కొట్టే చప్పుడు, దగ్గర నుంచి ఒకటి, మకాం లోపలి నుంచి ఒకటి
- జనరేటర్ ఎక్కించేటప్పుడు, నడుస్తున్నప్పుడు, ఆపినప్పుడు
- కప్పలు, కీచురాళ్లు
- కుక్కలు: మొరగడం, గుర్రుమనడం
- కొబ్బరి మట్ట ఊడి కిందపడటం (దొరికితే అదృష్టం, దొరక్కపోతే ఎండుమట్ట ఒకటి మీరే పైనుంచి పడేయండి)
- ఏరేటర్లు ఆగిన తర్వాత చెరువు

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. గంటల తరబడి ఆ తెడ్ల మోతకి చెవి అలవాటు పడిపోయి, అసలు మోత ఉందనే సంగతే మర్చిపోతాం. కరెంటు పోయిన క్షణంలో తెడ్లు రెండు మూడు చుట్లు ఉత్తినే తిరిగి, చివరి తెడ్డు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి, అప్పటిదాకా లేవనుకున్న కప్పలన్నీ ఒక్కసారిగా వినపడతాయి. ఈ పది సెకన్లు సరిగ్గా దొరికితే మీ గేమ్‌లో సగం భయం దొరికినట్టే.

3. దెయ్యం లేకుండా డ్యూటీ మొత్తం కాగితం మీద రాయడం

ఈ తరహా గేమ్ లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. 2014లో వచ్చిన ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్‌లో రాత్రి కదిలే మరబొమ్మలు గార్డు మీదకి వస్తుంటాయి, అతను మాత్రం కుర్చీలోంచి లేవడు. రెండు తలుపులు, రెండు లైట్లు, కెమెరాలు, వంద శాతం కరెంటు, అర్ధరాత్రి 12 నుంచి 6 దాకా. తలుపు వేస్తే కరెంటు ఖర్చు, లైటు వేస్తే ఖర్చు, కెమెరా చూస్తే ఖర్చు, ఊరికే కూర్చున్నా కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. పోనీ చూడకుండా పొదుపు చేద్దామంటే ఫాక్సీ అనే బొమ్మ సరిగ్గా అలాంటివాడి కోసమే కాచుకుని ఉంటుంది. చూసినా ఖర్చే, చూడకపోయినా ఖర్చే. కాగితం మీద మీరు రాయాల్సింది ఈ బిగింపే.

రొయ్యల చెరువులో ఇది సహజంగానే ఉంది. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తింటుంది, అందుకే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) తెల్లవారుజాముకి అన్నిటికన్నా కిందకి పడిపోతుంది. అంటే ఆట ముదిరేకొద్దీ కష్టం దానంతటదే పెరుగుతుంది, మీరు కృత్రిమంగా పెంచక్కర్లేదు.

ఈ అంకెలతో మొదలుపెట్టండి. ఇవి ఆట కోసం బిగించినవి, నిజం చెరువులో డీఓ ఇంత తొందరగా పడదు.

- ఆటలో ఒక గంట = 80 సెకన్లు. రాత్రి మొత్తం 480 సెకన్లు, అంటే 8 నిమిషాలు.
- డీఓ 12 గంటలకి 6.0. ఏరేటర్లు తిరుగుతున్నా ఉదయానికి 1.5 తగ్గుతుంది.
- ఏరేటర్లు ఆగితే సెకనుకి అదనంగా 0.05 తగ్గుతుంది.
- 3 దాటి కిందకి పడితే రొయ్యలు తేలడం మొదలు. 2కి వస్తే ఓటమి.
- డీజిల్ 100. జనరేటర్ నడుస్తుంటే రెండు సెకన్లకి 1 ఖర్చు. మొత్తం 200 సెకన్లు వస్తుంది.
- కష్టమైన రాత్రి కరెంటు పోయే మొత్తం సమయం 240 సెకన్లు, నాలుగైదు ముక్కలుగా.

ఇప్పుడు లెక్క కట్టండి. 240లో 200 పోతే 40 సెకన్లు చెరువుని గాలి లేకుండా వదిలేయాల్సిందే, దానికి 2.0 పోతుంది. 6.0 లోంచి 1.5, 2.0 తీసేస్తే 2.5. ఓటమికీ దానికీ మధ్య 0.5, అంటే ఆటగాడు రాత్రంతా కలిపి చేయగల పొరపాటు 10 సెకన్లు. ఆ 40 సెకన్లు ఏ గంటలో వదలాలి అనేదే ఆట. ఇంకా దెయ్యం రాలేదు, చూశారుగా.

చూడ్డానికి చోట్లు నాలుగే పెట్టండి: దూరపు గట్టు, తూము, జనరేటర్ పాక, మకాం తలుపు. ఎనిమిది పెడితే మీకు బొమ్మల పని రెట్టింపవుతుంది, ఆడేవాడికి ఏ చోటూ గుర్తుండదు.

4. ఖాళీ గేమ్ కట్టడం

బొమ్మలు వద్దు, రంగు డబ్బాలు చాలు. ఈ వరుసలో వెళ్లండి:

1. గడియారం. ఒక టైమర్ నోడ్, 80 సెకన్లకోసారి గంట మారుతుంది, 6 అయితే గెలుపు.
2. డీఓ, డీజిల్, రెండు అంకెలు తెర మీద కనపడేలా.
3. కరెంటు ఉందా లేదా అనే ఒక్క గుర్తు. పోయే సమయాల ముక్కలు ముందే ఒక జాబితాలో రాసి, ప్రతి ఆటకీ ఆ వరుస తారుమారు చేయండి. ఊరికే పాచిక వేసి వదిలేస్తే ఒక రాత్రి అసలు పోదు, ఇంకో రాత్రి వరసగా మూడుసార్లు పోతుంది.
4. జనరేటర్ బటన్. ఎక్కించాక 3 సెకన్లకి అందుకోవాలి, వెంటనే కాదు.
5. స్టార్టర్ బాక్స్ మీద ఒక చిన్న ఇండికేటర్ బల్బు. కరెంటు వచ్చిందని చెప్పేది అదొక్కటే.
6. నాలుగు చోట్ల మధ్య చూపు మార్చడం.
7. టార్చి, మకాం బల్బు. రెండింటికీ వేయడం, ఆర్పడం.

5వ అంశం చిన్నదిగా కనిపిస్తుంది గానీ గట్టిగా పనిచేస్తుంది. జనరేటర్ మోతలో కరెంటు వచ్చిన సంగతి తెలియదు, ఆపడం మర్చిపోతే డీజిల్ ఉత్తి పుణ్యానికి తగలడిపోతుంది. చెరువుల దగ్గర నిజంగా జరిగేదే ఇది.

ఇక్కడ ఆగి ఆడి చూడండి. రంగు డబ్బాలతో, శబ్దం లేకుండా, 4 గంటల వేళకి మీ చేతులు బిగుసుకుంటున్నాయా? లేదంటే అంకెలు మార్చండి. ఇది కుదిరేదాకా 5వ భాగానికి వెళ్లొద్దు.

5. ఒకే ఒక్క దెయ్యం: కొరివి

మనకి కొరివి దెయ్యం ఉండగా అరువు తెచ్చుకున్న మరబొమ్మలు ఎందుకు? పైగా చేయడం సుళువు. దూరంగా గట్టు మీద కదిలే ఒక్క వెలుగు చుక్క. అది దొంగ చేతిలో టార్చా, అవతల రోడ్డు మీద బండా, బావురు పిల్లి కళ్లా, లేక ఇంకోటా అనేది ఆడేవాడే తేల్చుకోవాలి.

కదలిక కోసం ఫ్రెడ్డీస్‌లోని పద్ధతే వాడండి, ఇప్పటికీ ఇంతకన్నా తేలికైనది లేదు. ప్రతి 5 సెకన్లకీ 1 నుంచి 20 లోపు ఒక అంకె తీయాలి. అది దెయ్యం లెవెల్‌కి (దాని దూకుడుకి మీరు పెట్టే అంకె) సమానం గానీ తక్కువ గానీ అయితే ఒక అడుగు ముందుకి. దారి: దూరపు గట్టు, తూము, జనరేటర్ పాక, మకాం తలుపు, ఆ తర్వాత దాడి. నాలుగు అడుగులు.

- లెవెల్ 4: అడుగుకి సగటున 25 సెకన్లు, మొత్తం 100
- లెవెల్ 10: మొత్తం సగటున 40
- లెవెల్ 20: సరిగ్గా 20, ఇది పంతం పట్టేవాళ్ల కోసం

దెయ్యాన్ని డ్యూటీకి ముడిపెట్టండి, అసలు కిటుకు ఇదే. కొరివి జనరేటర్ పాక దగ్గరికి వస్తే జనరేటర్ ఆగిపోవాలి. అది వెళ్లాలంటే మకాం బల్బు, టార్చి రెండూ ఆర్పి 8 సెకన్లు చీకట్లో కూర్చోవాలి, ఆ 8 సెకన్లూ డీఓ కనపడదు, డీజిల్ కనపడదు, ఇండికేటర్ బల్బు కూడా కనపడదు. మీరిచ్చిన 10 సెకన్ల మిగులు ఎలా కరిగిపోతుందో చూడండి.

దొంగకి దీనికి తిరగేసి పెట్టండి. టార్చి వేస్తే పారిపోతాడు. వేయకపోతే ఏరేటర్ వైరు కోసుకుపోతాడు, ఆ రాత్రికి ఒక ఏరేటర్ తగ్గినట్టే. కొరివి మీద టార్చి వేస్తే మాత్రం అది అప్పటికప్పుడు ఒక అడుగు దగ్గరికి వస్తుంది.

రెండింటికీ తేడా చెప్పే గుర్తు ఒక్కటే ఉండాలి, అది మొదటి రాత్రే చెప్పేయాలి. రైతు ఫోన్ కాల్‌లో ఇలా పెట్టొచ్చు:

"ఏరా అబ్బాయ్, ఏరేటర్లు ఆగితే నాకు ఫోన్ చేసి కూర్చోకు, ముందు జనరేటర్ ఎక్కించు. కుక్కలు మొరిగాయంటే దొంగోడు, టార్చి వెయ్యి. మొరుగుతున్న కుక్కలు ఉన్నట్టుండి ఆగిపోయాయనుకో, లైట్లు ఆర్పేసి కూర్చో."

"ఆయ్, అలాగేనండి. ఆగిపోతే ఎందుకండీ?"

"చెప్పింది చెయ్యరా."

అంతే. ఇంతకు మించి కథ చెప్పకండి. చెరువు తవ్వకముందు అక్కడ శ్మశానం ఉండేదని, ఎవరో ఆడమనిషి చచ్చిపోయిందని రాసుకుంటూ పోతే భయం ఉన్నది కూడా పోతుంది.

6. శబ్దం

ఎక్కువ రోజులు దీనికే కేటాయించండి, బొమ్మలకి కాదు. ఫ్రెడ్డీస్ నాలుగో భాగంలో (2015) కెమెరాలే లేవు, తలుపు దగ్గర నిలబడి ఊపిరి చప్పుడు విని తలుపు వేయాలా లైటు వేయాలా తేల్చుకోవడమే ఆట.

మన గేమ్‌లో జనరేటర్ మోతే ఆయుధం. అది నడుస్తుంటే కుక్కల శబ్దం దాదాపు వినపడకూడదు. రొయ్యల్ని బతికించాలంటే చెవిటివాడివి కావాలి, వినాలంటే రొయ్యల్ని పణం పెట్టాలి. ఆడియో బస్సులు (శబ్దాలు వెళ్లే దారులు) వేరుగా పెట్టుకోండి: యంత్రాలకి ఒకటి, బయటి ప్రకృతికి ఒకటి, కుక్కలకి ఒకటి. మకాంలో ఉన్నప్పుడు బయటి బస్సు మీద లో పాస్ ఫిల్టర్ (కీచు శబ్దాల్ని తగ్గించేది) వేస్తే గోడ అవతలి నుంచి విన్నట్టుంటుంది.

- తిరిగి తిరిగి మోగే శబ్దాలు ఓజీజీ ఫైళ్లుగా పెట్టండి. ఎంపీ3 అయితే అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తుంది.
- అతుకు టక్కుమంటే ఆడాసిటీలో చివరి సెకనుని మొదటి సెకను మీదకి కలిపి క్రాస్‌ఫేడ్ చేయండి.
- కప్పల శబ్దం నిడివి, కీచురాళ్ల నిడివి ఒకటే ఉంచొద్దు, ఒకేసారి రెండూ మొదటికొస్తే చెవి పట్టేస్తుంది.
- దాడి చేసే ముందు ఒకటిన్నర సెకను మొత్తం నిశ్శబ్దం. తర్వాతి కేక చెవులు పగిలేలా పెట్టక్కర్లేదు, ఆ నిశ్శబ్దమే పని కానిచ్చేస్తుంది.

7. బొమ్మలు, చీకటి

రాత్రి ఫోన్‌తో ఫోటోలు తీస్తే గింజలు గింజలుగా వస్తాయి. సూర్యుడు దిగిన పావుగంటకి తీసి, తర్వాత ఎడిటింగ్‌లో చీకటి చేయండి. తెరంతా కారునలుపు చేయొద్దు. డెల్టాలో రాత్రి అలా ఉండదు, గట్టు కన్నా నీళ్లు తెల్లగా కనిపిస్తాయి, కొబ్బరి చెట్లు ఆకాశం మీద నల్లగా అచ్చుగుద్దినట్టుంటాయి. ఈ మూడు నలుపులు వేరుగా ఉంటే చాలు.

గోడాట్‌లో మొత్తం తెరని కాన్వాస్ మాడ్యులేట్‌తో ముదురు నీలం వైపు దించి, టార్చికి పాయింట్‌లైట్ 2డి పెట్టండి. వెలుగు చుక్కకి నీళ్లలో నీడ (ప్రతిబింబం) తప్పనిసరిగా పెట్టాలి, దొంగకీ, బండికీ, పిల్లికీ. కొరివికి మాత్రం వద్దు. దీన్ని ఎక్కడా చెప్పకండి, మూడో రాత్రి పనికొస్తుంది.

8. ఐదు రాత్రులు

- మొదటి రాత్రి: కరెంటు కోత 120 సెకన్లు, లెవెల్ 2. మొదటి గంటన్నర దెయ్యం కదలకూడదు, నేర్చుకోనివ్వండి.
- రెండో రాత్రి: 160, లెవెల్ 4. దొంగ మొదటిసారి వస్తాడు.
- మూడో రాత్రి: 200, లెవెల్ 6. కుక్క లేదు, గొలుసు ఖాళీగా పడుంది. ఇక నీళ్లలో నీడ చూసే తేల్చుకోవాలి.
- నాలుగో రాత్రి: పగలంతా మబ్బు, అందుకే డీఓ 5.0 దగ్గరే మొదలవుతుంది. కోత 200, లెవెల్ 8.
- ఐదో రాత్రి: అమావాస్య. రొయ్యలు గుల్ల విడిచే రోజులు, ఆక్సిజన్ ఎక్కువ కావాలి. డీఓ మళ్లీ 6.0, కోత 240, లెవెల్ 10, ఓటమి గీతని 2 నుంచి 2.25కి లేపండి. 10 సెకన్ల మిగులు 5కి పడిపోతుంది.

అమావాస్య ఇక్కడ దెయ్యం కోసం పెట్టింది కాదు. ఏ రొయ్యల రైతునైనా అడగండి, ఆ రోజుల్లో అతనికి నిద్ర ఉండదు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుబాట్లు

*ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నా గెలుస్తున్నారు.* ఏ రాత్రీ అలా జరగకూడదు. వెర్షన్ మార్చిన ప్రతిసారీ చేతులు కట్టుకుని ఒకసారి ఆడి చూడండి.

*స్నేహితుడి లాప్‌టాప్‌లో డీజిల్ రెట్టింపు వేగంతో తగ్గుతోంది.* ఫ్రేముకింత అని తగ్గిస్తున్నారు. డెల్టాతో గుణించండి (మన డెల్టా కాదు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సమయం).

*చచ్చిపోయిన ప్రతిసారీ "అన్యాయం" అంటున్నారు.* ఓడిపోయాక ఒక్క వాక్యం చూపించండి: "2.40కి కుక్కలు ఆగాయి. 2.41కి మీ టార్చి వెలుగుతోంది." తిట్టుకుంటూనే మళ్లీ ఆడతారు. మళ్లీ మొదలవడానికి మూడు సెకన్లు మించకూడదు, లోగోలు, మెనూలు మళ్లీ చూపించొద్దు.

*మూడోసారికి భయం పోతోంది.* లెవెల్ పెంచడం మందు కాదు, అప్పుడు హడావుడి పెరుగుతుంది, అంతే. ఏమీ చేయని సంఘటనలు కొన్ని కలపండి: మట్ట పడటం, అవతలి చెరువు జనరేటర్ ఆగిపోవడం, చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) తాడు దానంతటదే బిగుసుకోవడం. రాత్రికి రెండు మించితే వాటికీ అలవాటు పడిపోతారు.

*నోటీసుల్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి.* ఫాంట్ ఫైల్‌ని ప్రాజెక్టులో పెట్టి థీమ్‌కి తగిలించలేదు. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ ఇంకొకరి దగ్గర ఉండదు.

*ఎవరికి చూపించినా "బాగుంది" అంటున్నారు.* పక్కన కూర్చుని వివరించడం మానేయండి. వెనక నిలబడి, నోరు మూసుకుని, వాళ్లు ఎక్కడ ఏ బటన్ కోసం వెతుకుతున్నారో, ఎప్పుడు కుర్చీలో ముందుకి జరుగుతున్నారో రాసుకోండి. చెరువు పని తెలిసినవాళ్లలో కనీసం ఒకరితో ఆడించండి, గేములు ఎప్పుడూ ఆడనివాళ్లైతే మరీ మంచిది. డీఓ పడుతుంటే వాళ్లు మీకన్నా ముందే కంగారు పడతారు, ఎక్కడ అబద్ధంగా ఉందో మొహం మీదే చెప్తారు.

10. బయటికి వదలడం

సొంత గేములు పెట్టుకునే సైటు ఇచ్.ఐఓలో ఉచితంగా పెట్టొచ్చు. బ్రౌజర్‌లో ఆడేలా పెట్టాలంటే వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి, మొదటి పేజీ ఫైల్ పేరు ఇండెక్స్ అని ఉంచి, మొత్తం జిప్ చేసి ఎక్కించాలి. బ్రౌజర్లు ఒక క్లిక్ పడేదాకా శబ్దం మోగనివ్వవు, కాబట్టి మొదటి తెర మీద "డ్యూటీ ఎక్కు" అని ఒక బటన్ ఉండాలి.

వదిలే ముందు ఒకసారి చూసుకోండి:

- ఐదు రాత్రులూ మీరు గెలవగలుగుతున్నారా, మీరు కాక ఇంకొకరు గెలిచారా
- ఉలిక్కిపడే దృశ్యాలు, పెద్ద శబ్దాలు ఉన్నాయని పేజీలో హెచ్చరిక
- హెడ్‌ఫోన్లు పెట్టుకోమని మొదటి తెర మీద ఒక ముక్క
- ఫాంట్లకీ, బయటి నుంచి తెచ్చుకున్న శబ్దాలకీ లైసెన్స్ వివరాలు క్రెడిట్స్‌లో
- ఫ్రెడ్డీస్ బొమ్మలు, పేర్లు, శబ్దాలు ఎక్కడా లేకపోవడం
- ఫోటోల్లో నిజం చెరువు యజమాని పేరు, బోర్డు, ఫోన్ నంబరు, బండి నంబరు కనపడకపోవడం
- ఫోన్‌లో ఆడేవాళ్ల కోసం బటన్లు బొటనవేలికి అందేంత పెద్దవిగా ఉన్నాయా
- మీకు చెరువు మీద రికార్డ్ చేసుకోనిచ్చిన రైతుకి లింకు పంపారా, కనీసం వాళ్ల అబ్బాయికైనా